గండిపేట, హిమాయత్‌సాగర్, మంజీర: పక్షుల కోసం ఎటు వెళ్తే బాగుంటుంది?

చలికాలంలో ఒక రోజు తీరిక చేసుకుని పక్షుల్ని చూద్దామనుకునే హైదరాబాద్‌వాళ్లు ఎక్కడెక్కడి అడవుల గురించో ఆరా తీస్తుంటారు. అంత దూరం అక్కర్లేదు. మనం తాగే నీళ్లు ఎక్కడ నిలవ చేశారో అక్కడికి వెళ్తే చాలు. ఈ చలికాలం ఇంటిల్లిపాదీ గండిపేట, హిమాయత్‌సాగర్, మంజీర తిరిగొచ్చాం. పక్షుల కోసమైతే నా ఓటు మంజీరకే. పిల్లలతో, పెద్దవాళ్లతో ఓ సాయంత్రం హాయిగా గడపాలంటే గండిపేట. హిమాయత్‌సాగర్ మాత్రం ఓపిక ఉన్నవాళ్లకు.

గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన కట్టిన రెండు జలాశయాల్లో మొదటిది. మూసీ మీద ఇది 1920లో, దాని ఉపనది ఈసా మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే ఊరి దాహం కూడా తీర్చాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ విడిచిపోరని పాతవాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ నీరు మోటార్లతో పని లేకుండా పల్లానికి పారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వచ్చేది. ఇప్పుడు మన నల్లాల్లోకి వచ్చే కృష్ణా నీటినైతే వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోసుకుంటూ తెచ్చుకుంటున్నాం.

ఔటర్ రింగ్ రోడ్డు దిగితే గండిపేటకు దారి సులువే. జలాశయం పక్కన కట్టిన పార్కు మేం వెళ్లిన రోజు శుభ్రంగా ఉంది. నడవడానికి బాట, కూర్చోడానికి నీడ, పిల్లలు పరిగెత్తడానికి పచ్చిక ఉన్నాయి. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులున్నా ఇబ్బంది పడలేదు. పొద్దున్నే వెళ్తే చిలుకూరు బాలాజీ దర్శనం, ఆ పక్కనే మృగవని జాతీయ పార్కులో చుక్కల దుప్పులు, నెమళ్లు కూడా కలిసొస్తాయి. పక్షులు మాత్రం కట్ట వైపు తక్కువ. అక్కడ నీరు లోతు, జనం సందడి ఎక్కువ. నీటికాకులు, అక్కడక్కడా ఓ తెల్లకొంగ తప్ప దగ్గరగా ఏమీ కనిపించలేదు. ఆదివారం సాయంత్రం అస్సలు వెళ్లకండి, కారు పెట్టడానికే అరగంట పడుతుంది.

హిమాయత్‌సాగర్‌లో చూడాల్సింది కట్ట కాదు, దాని ఎదుటి వైపు. వానలు వెనకపట్టాక నీరు నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. వారం వారం కాస్త కాస్త శిఖం నేల, అంటే జలాశయం అడుగు నేల, బయటపడుతుంది. ఆ బురదలో పురుగులు, నత్తలు, చిన్న చేపలు ఉంటాయి. అందుకే ఉత్తరాది నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు, బాతులు ఆ అంచునే పట్టుకుని తిరుగుతాయి. నీరు బాగా తగ్గిన ఏళ్లలో రాజహంసలు (ఫ్లెమింగోలు) కూడా దిగుతాయి. మేం ఓ నత్తగుల్ల కొంగను చాలాసేపు చూశాం. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. బురదలో ముక్కు ముంచి, తల అటూ ఇటూ తిప్పి, నత్తను పట్టింది. పైకి ఎత్తకుండా నీళ్లలోనే ముక్కు కొనను గుల్లలోకి పోనిచ్చి, కండను మాత్రం లాగి మింగేసింది. గుల్ల పగల్లేదు. మా మేనకోడలు ఆ ఖాళీ గుల్లను వెతికి తెచ్చుకుంది.

ఇక్కడ సౌకర్యాలంటూ ఏమీ లేవు. నీడ లేదు, టీ కొట్టు లేదు, మరుగుదొడ్డి అసలే లేదు. ఒడ్డున చెత్త సంచులు, విరిగిన సీసాలు ఉన్నాయి. చెప్పులతో దిగొద్దు. శిఖం అంచు దాకా లేఅవుట్ల రాళ్లు పాతుకుంటూ వస్తున్నారు. నన్ను బాధపెట్టింది అదే. ఈ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కర్మాగారాలు, పెద్ద కట్టడాలు రాకూడదని 1996లో 111 నంబరు జీవో వచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. శంషాబాద్ దగ్గర ఓ ఆముదం నూనె ఉత్పత్తుల కర్మాగారం విషయంలో సుప్రీంకోర్టు కూడా ముందుజాగ్రత్తే ముఖ్యమని ఆ ఆంక్షల పక్షాన నిలిచింది. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవో ఆ ఆంక్షల్ని ఎత్తేసింది. చెప్పిన కారణం, నగరం తాగే నీటిలో ఈ రెండింటి వాటా 1.25 శాతం కన్నా తక్కువని. ఆ బురదలో తిరిగే పిట్టల్ని ఇన్నేళ్లూ కాపాడింది పిట్టల కోసం చేసిన చట్టం కాదు, మనం ఆ నీళ్లు తాగుతున్నామన్న భయం. ఆ భయం పోతే కొంగకు దిక్కెవరు? నాకైతే ఈ రెండు చెరువుల నీటిని నగరం తాగుతూనే ఉండాలనిపిస్తుంది, కొంచెమైనా సరే.

మంజీరలో తేడా అక్కడే కనిపిస్తుంది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి వచ్చే ఈ నది మీద సంగారెడ్డి దగ్గర కల్పగూరులో బ్యారేజీ కట్టి 1960ల నుంచి హైదరాబాద్‌కు నీరు తెస్తున్నారు. ఆ నీటినే 1978లో మగ్గర్ మొసళ్ల కోసం అభయారణ్యంగా ప్రకటించారు. అంటే తాగునీటి కాపలా, అటవీ శాఖ కాపలా రెండూ ఒకే చోట. నీటి మధ్యలో పుట్టిగడ్డ, కర్ణంగడ్డ వంటి లంకలున్నాయి. వాటి మీది తుమ్మచెట్లలో కొంగల గూళ్లు, అంచుల్లో ఒత్తుగా జమ్ము. జనం అక్కడికి పోలేరు కాబట్టే అవి అలా నిలిచాయి.

మేం ఏడు కాకముందే చేరాం. మంచు, ఒక్క మొసలీ లేదు. కాపలా అన్న నవ్వి, "పొద్దుగాల చలికి నీళ్లలనే ఉంటయి సార్, ఎండ కాస్తే గడ్డకెక్కుతయ్, జర ఆగుండ్రి" అన్నాడు. తొమ్మిదిన్నరకు ఎదుటి లంక ఒడ్డున ఒకటి పైకొచ్చి నోరు తెరుచుకుని పడుకుంది. ఒళ్లు వేడెక్కుతుంటే అలా నోటితో వేడి వదులుకుంటుందట. వేసవిలో ఆడమొసలి నీటి అంచుకు కాస్త పైన గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. ఆ రోజుల్లో నీటిమట్టం ఒక్కసారిగా పెరిగితే గుడ్లు మునిగిపోతాయి. గేట్లు ఎత్తేవాళ్ల చేతిలోనే ఈ మొసళ్ల సంతానం ఉంది. ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, చక్రవాకాల జంటలు, తల మీద రెండు నల్లచారలతో హిమాలయాలు దాటి వచ్చిన బాతుల గుంపు, అన్నీ ఆ ఉదయమే చూశాం. బైనాక్యులర్స్ తప్పనిసరి, లేకపోతే సగం చుక్కలే.

హైదరాబాద్ నుంచి సంగారెడ్డికి ముంబై హైవే మీద ఆర్టీసీ బస్సులు ఎడతెగకుండా ఉన్నాయి. అక్కడి నుంచి కల్పగూరుకు ఆటో మాట్లాడుకోవాలి. రాను, పోను, ఆగడం అన్నీ కలిపి మాట్లాడుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఖాళీ ఆటో దొరకదు. లోపల తినడానికి ఏమీ ఉండదు. ముందురోజు రాత్రి సంగారెడ్డి బస్టాండు దగ్గరి ఓ లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కానీ వేడినీళ్లు ఏడు తర్వాతే ఇస్తామన్నారు. పక్షుల కోసం వచ్చినవాళ్లకు ఆ వేళ పనికిరాదు. సొంత బండి ఉంటే తెల్లవారుజామున ఇంటి నుంచి బయల్దేరడమే మేలు. అదే దారిలో సింగూరు డ్యామ్ కూడా చూసొచ్చాం. నీరు అపారం, కానీ పక్షుల కోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు.

వెళ్లేముందు ఒక పని చేయండి. జలమండలి రోజూ జలాశయాల మట్టాలు ప్రకటిస్తుంది, చూసుకోండి. నిండుగా ఉంటే బురద ఉండదు, పక్షులు దూరంగా ఉంటాయి. 2016 వేసవిలోలా సింగూరు, మంజీర ఎండిపోతే అసలేమీ ఉండవు. నీరు తగ్గడం మొదలై, ఇంకా సగానికి పైగా మిగిలి ఉన్నప్పుడు, డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి.