కొత్త లెన్స్ కొంటున్నారా? అపర్చర్ 1.8లో ఒక్క ఫోటోనే తీసి చూసి ఇంటికి తెచ్చుకోకండి

కడపలో కెమెరా లెన్స్ కొనాలనుకునే వాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క ఐదు నిమిషాలు ఇది చదివి పోండి. నాకు 7,200 బొక్క పడింది. డబ్బు సంగతి అటుంచి, నిశ్చితార్థం ఫోటోలు పోయినందుకే ఎక్కువ మండుతోంది.

నాది కెనాన్ 700డి. పాతదే కానీ నా పనికి చాలు. దాంతో వచ్చిన 18-55 తప్ప ఇంకో లెన్స్ లేదు కాబట్టి అందరూ మొదట కొనేదే నేనూ కొన్నా, 50 ఎంఎం 1.8 ఎస్‌టీఎం. ఇక్కడ 1.8 అంటే అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం, పూర్తిగా తెరిచినప్పటి నంబరు; నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. షాపు పేరు రాయను. ఆన్‌లైన్ కంటే వెయ్యికి పైగా తగ్గించి ఇస్తున్నాడంటే అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు, మనూరోడే కదా అనుకున్నా. అక్కడే కెమెరాకి బిగించి కౌంటర్ మీదున్న వాటర్ బాటిల్‌ని 1.8లో ఒక ఫోటో తీస్తే, వెనకున్న బీరువాలు, లైట్లు అన్నీ మెత్తగా కరిగిపోయి బాటిల్ ఒక్కటే నిలబడింది. ఇంక ఆగుతామా!

ఇంటికొచ్చాక రెండు రోజులు తులసి చెట్టు, పిల్లి, పూలు కట్టుకుంటున్న మా అమ్మ, అన్నీ 1.8లోనే తీశా. ఆ బ్లర్ కోసమే కదా కొన్నది. దెబ్బ తిన్నదీ ఇక్కడే.

ఆదివారం ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ కూతురి నిశ్చితార్థం. ఒక్కొక్కరినీ తీసినంతసేపు బ్రహ్మాండంగా వచ్చాయి. తర్వాత పెద్దవాళ్లంతా రెండు వరుసల్లో నిలబడ్డారు, వెనక వరుస కూడా ఫోకస్‌లో ఉండాలని అపర్చర్ 5.6కి తిప్పి నొక్కితే షట్టర్ సగం చప్పుడు చేసి ఆగిపోయింది, స్క్రీన్ మీద ఎర్ 01. ఆఫ్ చేసి ఆన్ చేశా, బ్యాటరీ తీసి పెట్టా, మళ్లీ అదే. పెళ్లికొడుకు మేనమామ "ఏం బ్బా, అయిందా లేదా, నడుములు పట్టుకుంటాండాయి" అని నవ్వుతూనే అన్నాడు గానీ నాకు చెమటలు. చివరికి ఆ ఫోటో ఎవరి ఫోన్‌లోనో తీశారు.

ఎర్ 01 అంటే కెమెరాకీ లెన్స్‌కీ మధ్య మాట కలవడం లేదని, లెన్స్ వెనకున్న బంగారు రంగు కాంటాక్టులు తుడవమని స్క్రీనే చెబుతుంది. కెమెరా ఆఫ్ చేసి, కెమెరా బాడీని కిందికి వంచి పట్టుకుని, పొడి మెత్తటి గుడ్డతో తుడిచా. చాలామందికి దీంతోనే పోతుందట, నాకు పోలేదు. రిపేరు అతనికి చూపిస్తే రెండు నిమిషాల్లో "మదర్‌బోర్డు పోయిందన్నా, నాలుగున్నర వేలవుతాది" అనేశాడు. అప్పటికి కాస్త తెలివి తెచ్చుకుని 18-55 బిగించి చూస్తే ఏ అపర్చర్ నంబర్లో పెట్టినా టకటకా తీస్తోంది. అంటే బాడీ బాగుంది. మీరు కూడా ఈ పని చేయకుండా ఎవరికీ పైసా ఇవ్వకండి.

అసలు విషయం విప్పి చెప్పింది మా వీధి చివర పాత స్టూడియో పెద్దాయన. ఆయన కాలంలో లెన్స్ మీద రింగు తిప్పితే లోపల ఆ రంధ్రాన్ని చిన్నది చేసే రేకులు కదిలేవి. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లు 1987లో వచ్చినప్పటి నుంచీ ఆ పని లెన్స్‌లో ఉండే చిన్న మోటారుదే, కెమెరా కరెంటుతో ఆర్డరు వేస్తుంది అంతే. మనం వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు, ఫోకస్ చేసేటప్పుడు రేకులు పూర్తిగా తెరిచే ఉంటాయి, ఫోటో పడే క్షణంలో మాత్రం మనం పెట్టిన నంబరుకి మూసుకుంటాయి. 1.8లో మూసుకునే పనే లేదు కాబట్టి చచ్చిపోయిన మోటారు కూడా అక్కడ పాసైపోతుంది! ఆయన అపర్చర్‌ని 16కి పెట్టించి, లెన్స్ పక్కన బాడీ మీద లెన్స్ విప్పే బటన్ కింద ఉండే ఇంకో చిన్న బటన్ (ఫోటో తీయకుండానే రేకుల్ని మూసి చూపించేది) నొక్కి పట్టుకుని ముందు నుంచి చూడమన్నాడు. 18-55లో రేకులు దగ్గరికొచ్చి గుండుసూది తలంత రంధ్రం మిగిలింది. కొత్తదాంట్లో ఏ కదలికా లేదు, వెంటనే ఎర్ 01.

ఆ తర్వాత ఆయన లెన్స్‌ని వెనక్కి తిప్పి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. మౌంట్, అంటే కెమెరాకి బిగించే వైపున్న లోహం మీద గుండ్రంగా గీతలు, ఒక స్క్రూ తల స్క్రూడ్రైవర్ జారి చెక్కుకుపోయి ఉంది. "ఇది కొత్తదేంది నాయనా, దీన్ని విప్పి మూసినారు" అన్నాడు. డబ్బా తీసి చూస్తే దాని మీద సీరియల్ నంబరు వేరు, లెన్స్ మీద సీరియల్ నంబరు వేరు. బయటి దేశం నుంచి వచ్చిన సరుకు ప్యాకెట్ మీద దిగుమతి చేసినవాళ్ల పేరు, అడ్రసు, ఎమ్మార్పీ ఉండాలి, నా డబ్బా మీద ఆ స్టిక్కరే లేదు. కంపెనీని అనడానికేమీ లేదు, ఇది అమ్మినవాడి పని.

షాపుకి పోతే "కొత్తదే అన్నా, మీ ముందరే సీల్ ఇప్పి ఇచ్చినా కదా, మీరే యాడో కింద పడేసినారు" అని ఒకటే మాట. నా దగ్గరున్నది ఎస్టిమేట్ చీటీ, దాని మీద 'లెన్స్-1, 7200', అంతే. జీఎస్టీ బిల్లు కావాలని, అందులో లెన్స్ నంబరు రాయమని అడగకపోవడం నా తప్పే. డబ్బు తిరిగివ్వనన్నాడు, బదులుగా బ్యాగు, ట్రైపాడ్ ఇస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించా. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే పోతా, 5 లక్షల లోపు వస్తువుకి అక్కడ ఫీజు లేదు, ఫిర్యాదుకి కారణం పుట్టిన రెండేళ్లలోపు వేయొచ్చు. చీటీ, ఫోన్‌పే మెసేజ్, రెండు నంబర్ల ఫోటోలు దాచిపెట్టా.

ఇంకో మాట. నేను కొన్న ఈ ఎస్‌టీఎం లెన్స్‌లో కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు రింగు తిప్పితే ఫోకస్ కదలదు, అది లోపం కాదు, దానికోసం గొడవ పడకండి. నైకాన్ వాళ్లకి వేరే తలనొప్పి ఉంది: డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, చవగ్గా వస్తోందని 50 ఎంఎం 1.8డి కొంటే ఆటోఫోకస్ రాదు, మోటారు లెన్స్‌లోనే ఉండే, ఏఎఫ్-ఎస్ అని రాసున్నదే అడగండి.

ఈ మధ్య కడపలో ఈ లెన్స్ కొన్నవాళ్లుంటే ఈ రాత్రికే డబ్బా నంబరు, లెన్స్ నంబరు పక్కపక్కన పెట్టి చూసుకోండి, అపర్చర్ 8లో ఒకటి, 16లో ఒకటి తీసి చూడండి.