ఏడు టెరాబైట్లు ఖాళీగా ఉన్నా చోటు లేదన్న నాస్ పెట్టె

నారాయణగూడలోని మా చిన్న కేంద్రంలో పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి భద్రపరుస్తాము. అందుకోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు డిస్కుల నాస్ పెట్టె (నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు దాచుకునే పరికరం) కొన్నాము. ఒక్కొక్కటి 8 టెరాబైట్లు. ఒకదానికి మరొకటి నకలు. చప్పుడు తక్కువ, వేగం బాగుంది, దుకాణదారు దగ్గరుండి అమర్చి వెళ్లారు.

నా అభ్యంతరమంతా ఫైళ్ల సంఖ్య మీదే. 5,000 × 7,000 పిక్సెళ్ల పుటను తెరపై పెంచి చదువుకునేందుకు 256 పిక్సెళ్ల ముక్కలుగా కోస్తే, అన్ని స్థాయిలూ కలిపి దాదాపు 750 చిన్న ఫైళ్లవుతాయి. 2,500 పుటలు దాటగానే పెట్టె 'డిస్కులో చోటు లేదు' అని మొరాయించింది. పక్కనే దాదాపు ఏడు టెరాబైట్ల ఖాళీని చూపుతోంది. పన్నెండు పాత వీడియోలు, అంటే 40 గిగాబైట్లు, తుడిచేస్తే సరిగ్గా పన్నెండు ముక్కలు ఎక్కి పదమూడోది ఆగిపోయింది. అప్పుడు గాని లోపం ఎక్కడుందో అర్థం కాలేదు.

ఈ పెట్టె డిస్కులో ఫైళ్లను అమర్చేది ఈఎక్స్‌టీ4 అనే పద్ధతి. అందులో ప్రతి ఫైలుకూ, ఫోల్డరుకూ ఒక ఐనోడ్, అంటే దాని వివరాలు రాసుకునే చిన్న నమోదు, కావాలి. ఎన్ని ఐనోడ్‌లుండాలో ఫార్మాట్ చేసేటప్పుడే నిర్ణయమైపోతుంది. మామూలుగా ఇంత పెద్ద డిస్కుకు 32 కిలోబైట్లకు ఒకటి చొప్పున 24 కోట్లకు పైగా రావాలి. తయారీదారు 4 మెగాబైట్లకు ఒకటి చొప్పున పెట్టడంతో మాకు దక్కినవి 19 లక్షలే. ఐనోడ్‌కు 256 బైట్ల లెక్కన 24 కోట్లకు సుమారు 62 గిగాబైట్లు పోతాయి కనుక, సినిమాలు, సీసీ కెమెరా రికార్డింగులు దాచేవారికి ఈ పొదుపు సబబే. అయితే ఆ సంగతి డబ్బా మీద గాని, పుస్తకంలో గాని ఒక్క ముక్క లేకపోవడం అన్యాయం. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే ఇంకా పెద్ద డిస్కులు కొనమన్నారు!

చివరకు ఐనోడ్‌లను అవసరాన్ని బట్టి సృష్టించుకునే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పద్ధతి ఆ పెట్టె మెనూలోనే కనిపించింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ కూడా ఇలాంటిదే. అంతా బయటి డిస్కుకు తీసి, మళ్లీ ఫార్మాట్ చేశాము. 260 గిగాబైట్ల అసలు చిత్రాలు గంటలోపే వెళ్లాయి గాని, 23 గిగాబైట్ల ముక్కలకు రాత్రంతా పట్టింది.

ఇప్పుడు అదే పెట్టెలో 6,000 పుటలు, 45 లక్షల ఫైళ్లు ఇబ్బంది లేకుండా ఉన్నాయి. చిన్న ఫైళ్లతో పనిచేసేవారు దీనిని కొనవచ్చు; కాకపోతే తొలిరోజే, ఒక్క ఫైలూ ఎక్కించకముందే, ఆ మెనూలో పద్ధతి మార్చుకోవాలి.