పెళ్ళికి అడిగే టేబుల్: హైదరాబాద్‌లో ఎక్కడ, ఎలా బుక్ చేయాలి

ఫోటోలు చూసి రెస్టారెంట్ ఎంచుకోవద్దు. మీరు అడగబోయే రోజు శుక్రవారమైతే శుక్రవారమే, అదే గంటకే, ఒక వారం ముందు వెళ్ళి సూప్ తాగి రండి. మధ్యాహ్నం మూడింటికి గుడిలా ప్రశాంతంగా ఉండే రూఫ్‌టాప్, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకి బరాత్‌లా ఉంటుంది. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు చాలాచోట్ల వీకెండ్‌లో డీజేనో లైవ్ బ్యాండో పెడతారు. స్పీకర్ పక్కన కూర్చుని "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అంటే వచ్చే జవాబు "ఆఁ? ఏంటీ?" అనే. సోమవారం నుంచి గురువారం దాకా ఏ రోజైనా పర్లేదు.

సిటీలో అందరి నోటా ముందు వచ్చే పేరు తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్. నవాబు వికారుల్ ఉమ్రా కట్టించి, తర్వాత ఆరో నిజాం చేతికి వచ్చిన ఈ భవనం 2010లో హోటల్‌గా తెరుచుకుంది. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఇక్కడిదే, ఇద్దరికి మాత్రం దానితో పనిలేదు. హైదరాబాదీ భోజనానికి అదా, యూరప్ వంటలకి సెలెస్ట్, సాయంత్రం హై టీకి జేడ్ రూమ్. బుకింగ్ లేకుండా గేటు దాటనివ్వరు. గుర్రబ్బగ్గీ మీద లోపలికి వెళ్ళాలనుకుంటే, అది మీ బుకింగ్‌లో ఉందో లేదో విడిగా అడిగి తేల్చుకోండి. అక్కడికెళ్ళాక బ్యాటరీ బండి ఎక్కమంటే మొహం మాడిపోతుంది.

ఎక్కువమంది టైమ్ దగ్గరే లెక్క తప్పుతారు. సాధారణంగా డిన్నర్ టేబుళ్ళు ఏడు తర్వాతే ఇస్తారు. డిసెంబర్ మధ్యలో మన ఊళ్ళో సూర్యుడు 5:45 ప్రాంతంలో దిగిపోతాడు, జూన్‌లో 6:50 దాటుతుంది. చలికాలంలో ఫలక్‌నుమా కొండ మీంచి సూర్యాస్తమయం చూపిస్తూ అడగాలంటే డిన్నర్ వద్దు, హై టీ తీసుకోండి. ఖర్చూ తగ్గుతుంది. గచ్చిబౌలి నుంచి బయల్దేరేవాళ్ళు గంటన్నర చేతిలో ఉంచుకోవాలి. రంజాన్ నెలలో చార్మినార్ దారి, బోనాల ఆదివారం లాల్‌దర్వాజా దారి మర్చిపోండి.

దుర్గం చెరువు లెక్క వేరు. 2020 సెప్టెంబర్‌లో మొదలైన కేబుల్ బ్రిడ్జి లైట్లే అక్కడి అందం, అవి కనబడాలంటే చీకటి పడాలి. ఏడున్నర టేబుల్ సరిగ్గా సరిపోతుంది. ఐటీసీ కోహినూర్ చెరువు పక్కనే ఉంది, కానీ అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ చెరువు కనిపించదు. "లేక్ వ్యూ రెస్టారెంట్" అనే మాటతో తృప్తిపడకుండా "లేక్ వైపు కిటికీ పక్క టేబుల్, నంబర్ ఎంత?" అని అడగండి. అదే హోటల్లోని దమ్ పుఖ్త్ బేగమ్స్ రెస్టారెంట్‌లో తినాలనుకుంటే అడిగే పని భోజనానికి ముందే కానివ్వండి. పిండితో మూత బిగించి వండిన బిర్యానీ పూర్తిగా లాగించాక ఎవరికైనా కావాల్సింది దిండు. ఆరుబయట సీట్లు చెరువు గట్టున ఎక్కడ తీసుకున్నా దోమలు ఉంటాయి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానా ఉంటుంది. "వాన పడితే లోపల ఏ టేబుల్?" అన్న ప్రశ్నకి స్పష్టమైన జవాబు రాకపోతే అది బుకింగే కాదు.

హుస్సేన్ సాగర్ వైపు అయితే ముందు క్యాలెండర్ చూడండి. గణేశ్ నిమజ్జనం రోజుల్లో ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్ల మీదికి కార్లు రానివ్వరు. మిగతా రోజుల్లో బుద్ధుడు ఎదురుగా ఉంటాడు. 1990లో నీళ్ళలో మునిగి 1992 డిసెంబర్‌కి గానీ నిలబడలేదు కాబట్టి ఎదురుచూడటం అంటే ఏంటో ఆయనకి తెలుసు.

ఎల్ఈడీ అక్షరాలు, పొగ, బెలూన్లు పెట్టే ప్రైవేట్ థియేటర్ల గురించి రెండు మాటలు: చవక, గోప్యం. కానీ గంటల లెక్కన ఇస్తారు, తర్వాతి పార్టీ తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. మూసిన గదిలో కోల్డ్ పైరో (నిప్పురవ్వలు చిమ్మే మెషీన్) వద్దే వద్దు.

ఇక ఫోన్ కాల్. యాప్‌లో స్లాట్ దొరికినంత మాత్రాన టేబుల్ దొరికినట్టు కాదు. రెస్టారెంట్ మేనేజర్‌తో మధ్యాహ్నం మూడు, ఐదు మధ్య మాట్లాడండి, లంచ్ రద్దీ అప్పటికి తగ్గుతుంది. టేబుల్ నంబర్ వాట్సాప్‌లో రాయించుకోండి. కిచెన్ తలుపు, వాష్‌రూమ్ దారి, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు వద్దనండి. ఏసీ కింద కొవ్వొత్తి పది నిమిషాలు నిలవదు, గాజు చిమ్నీ ఉన్నదే అడగాలి. ఇద్దరికైనా నలుగురు కూర్చునే బల్ల తీసుకుని, ఎదురెదురుగా కాకుండా మూలకి అటూ ఇటూ కూర్చోండి. గొంతు పెంచక్కర్లేదు. మోకాలి మీద కూర్చుని అడగాలనుంటే సోఫా బూత్ పనికిరాదు, కుర్చీ పక్కన మూడడుగుల ఖాళీ కావాలి.

గుట్టు బయటపడేది ఎక్కువగా గుమ్మం దగ్గరే. రిజిస్టర్‌లో పేరు పక్కన "ప్రపోజల్" అని రాసి ఉంటే, రిసెప్షన్‌లో కుర్రాడు నవ్వుతూ "సర్, ప్రపోజల్ టేబుల్ రెడీ" అనేస్తాడు. పాపం అతని తప్పేం లేదు. "బర్త్‌డే" అని కూడా రాయించొద్దు, చప్పట్లతో పాట పాడతారు. ఉత్త "డిన్నర్, ఇద్దరు" చాలు. అసలు సంగతి మేనేజర్‌కీ, మీ టేబుల్ చూసే ఒక్క వెయిటర్‌కీ తెలిస్తే సరిపోతుంది. సైగ ఒకటే పెట్టుకోండి: మెనూ కార్డు నిలబెడితే డెజర్ట్ తేవాలి. డెజర్ట్ వచ్చేలోపు అడిగేయాలి. కన్ఫర్మేషన్ కాల్ ఆ రోజు సాయంత్రం కారులో, బ్లూటూత్ స్పీకర్‌లో మోగకుండా ముందురోజే చేయమనండి.

పూలు, కేకు బయటివి రానిస్తారో లేదో అడగాలి. స్టార్ హోటళ్ళలో ఎక్కువగా వాళ్ళ డెకరేటరే. అనుమతి ఉంటే గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పొద్దున్నే రెండు కిలోల గులాబీ రేకులు కొనండి, ఒక టేబుల్‌కీ దాని చుట్టూ నేలకీ ధారాళంగా వస్తాయి. తడిగుడ్డలో చుట్టి చల్లగా ఉంచకపోతే సాయంత్రానికి నల్లబడతాయి.

ఉంగరం గులాబ్ జామూన్‌లో, గ్లాసులో దాచే ఆలోచన మానుకోండి. పాకం రాళ్ళ సందుల్లోకి పోతుంది, ఉంగరం గొంతులోకి పోతే రాత్రి ఆస్పత్రిలో. కొలత కోసం ఎదుటివాళ్ళు పెట్టుకునే ఉంగరం ఒక గంట దొరికితే చాలు: లోపలి అడ్డకొలత సుమారు 16.5 మిల్లీమీటర్లుంటే మన షాపుల్లో 12 నంబర్.

బిల్లు సంగతి. విడి రెస్టారెంట్లలో భోజనం మీద జీఎస్టీ 5 శాతం, గది అద్దె 7,500 రూపాయలు దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లలో 18 శాతం. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పన్నులు, సర్వీస్ చార్జి అదనమని. సర్వీస్ చార్జి కట్టడం మీ ఇష్టం. దాన్ని బలవంతంగా బిల్లులో వేయకూడదని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో చెప్పింది. కానీ ఆ రాత్రి ఆ టేబుల్ దగ్గర ఆ వాదన వద్దు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే తేల్చుకుని, వాయిదా వేస్తే ఎంత వెనక్కిస్తారో కూడా అదే వాట్సాప్‌లో రాయించుకోండి. అక్టోబర్ 2న వైన్ దొరకదు.

ఆషాఢంలో మాత్రం టేబుళ్ళు సులువుగా దొరుకుతాయి. పెళ్ళి మాటలు మూఢం, శూన్యమాసం దాటాక ఇంట్లోవాళ్ళు ఎత్తుకుంటారు, మీ ఇద్దరి మాట దానికి ముందే అయిపోయి ఉంటుంది.