ఈబీ-5: తాతగారి పొలానికి అమెరికా అడిగిన లెక్క

ఈబీ-5 అంటే అమెరికాలో పెట్టుబడి పెట్టి గ్రీన్‌కార్డు తెచ్చుకునే దారి. ఎనిమిది లక్షల డాలర్లు, దాంతో పుట్టాల్సిన పది ఉద్యోగాలు, మొదట రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు. ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. నా కోపమంతా 'సోర్స్ ఆఫ్ ఫండ్స్' మీద, అంటే పెట్టే ప్రతి డాలరూ ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలతో చూపించడం మీద.

2023 మార్చిలో డాలస్ నుంచి రూరల్ (పల్లె ప్రాంతపు) ప్రాజెక్టులో ఫైల్ చేశాం. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డు (ఈబీ-2) వరసలోనే కూర్చుంటే ఈలోగా పెద్దమ్మాయికి 21 నిండిపోతాయి, మాతో పాటు తనకి కార్డు రాదు. ఇంటి మీద తీసిన అప్పు, అమ్మేసిన షేర్లు పోను రెండు లక్షల డాలర్లు తక్కువపడ్డాయి. నాన్నగారు తెనాలి దగ్గరి మూడెకరాలు అమ్మకానికి పెట్టారు. మొదట వచ్చినాయన మంచి రేటే చెప్పాడు. కాకపోతే మన దగ్గర మామూలే కదా, సగం రిజిస్ట్రేషన్‌లో, సగం సంచిలో. లాయరుగారు ఒకటే అన్నారు: "దస్తావేజులో లేని రూపాయి లేనట్టే." మొత్తం బ్యాంకులో వేసేవాడు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. స్టాంపు ఖర్చు పెరుగుతుందని వాడు ఎకరానికి ఆరు లక్షలు కోశాడు. డబ్బు పంపడం మాత్రం తేలికే. ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పథకం) కింద మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, పంపేటప్పుడు బ్యాంకు వసూలు చేసే పన్ను (టీసీఎస్) అప్పటికి ఇంకా ఐదు శాతమే.

పెట్టుబడి పిటిషన్ (ఐ-526ఈ)తో పాటు ఒకేసారి గ్రీన్‌కార్డు దరఖాస్తు (ఐ-485) కూడా వేసుకోవచ్చన్న 2022 చట్టాన్ని నేను తెగ పొగిడేవాణ్ని. ఏడు నెలల్లో కాంబో కార్డు (పనికీ ప్రయాణానికీ కలిపి ఇచ్చే అనుమతి) వచ్చింది. 2024 జనవరిలో ఉద్యోగం పోతే, వర్క్ వీసా వాళ్లకిచ్చే అరవై రోజుల గడువు వేళ్ల మీద లెక్కపెట్టుకునే పని తప్పింది. సరిగ్గా అప్పుడే ఆర్ఎఫ్ఈ (ఇంకా ఆధారాలు పంపమనే నోటీసు) దిగింది: ఆ పొలం మీ నాన్నకి ఎలా వచ్చింది? అప్పుడు తెలిసింది, ఐ-526ఈ పోతే ఆ కార్డూ పోతుందని.

తాతగారు కొడుకులకి నోటిమాటగా పంచేశారు. పాస్‌బుక్కు, అడంగల్, ఈసీ ఉన్నాయి గానీ పంపకానికి కాగితం ముక్క లేదు. బాబాయిని అఫిడవిట్ అడిగితే, "ముప్పై ఏళ్ల తర్వాత సంతకమేంట్రా? రేపు నా వాటా మీదకి వస్తారా?" అన్నాడు. అమ్మ వెళ్లి పిన్నితో మాట్లాడితే గానీ పని కాలేదు. అన్నీ ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి, గడువుకి ఆరు రోజుల ముందు పంపాం. అక్టోబరులో కార్డులు వచ్చాయి. పెద్దమ్మాయికీ వచ్చింది.

మళ్లీ అయితే చేస్తావా అంటే, అమ్మాయి వయసు తరుముతుంటే చేస్తాను. మీ డబ్బంతా జీతం, డబ్ల్యూ-2లే (అమెరికా జీతం పన్ను ఫారాలు) అయితే నా గోలలో సగం మీకు ఉండదు. పిల్లలు చిన్నవాళ్లయితే ఏమో, నేను ఆగేవాణ్నేమో. పెట్టిన అసలు సొమ్ము ఇంకా ప్రాజెక్టులోనే ఉంది, 2026లో ఐ-829 (కార్డు మీద షరతులు తీసేయమనే దరఖాస్తు) వేయాలి. బాబాయి మాత్రం ఆ అఫిడవిట్ జిరాక్సు తీయించి బీరువాలో దాచుకున్నాడట.