కొలనోస్కోపీలో ఆకుపచ్చ గడి: రెండేళ్లు వాడాక

కొలనోస్కోపీ అంటే సన్నని కెమెరా గొట్టంతో (స్కోప్) పెద్దపేగు లోపల చూసే పరీక్ష. అది చేసే మా ఎండోస్కోపీ గదిలో పాలిప్‌లను, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే కండలను, గుర్తుపట్టే ఏఐ మెషీన్ పెట్టి రెండేళ్లు దాటింది. స్కోప్ కెమెరా నుంచి వచ్చే వీడియోను అది అప్పటికప్పుడు చూస్తూ, అనుమానం వచ్చిన చోట తెర మీద ఆకుపచ్చ గడి గీస్తుంది. కొనొచ్చా అని తోటి డాక్టర్లు అడుగుతున్నారు. కొనొచ్చు.

పోయిన ఏడాది ఒకామెకు పరీక్ష చేస్తున్నాను. పెద్దపేగు కుడివైపు, ఒక మడత అంచున కాస్త జిగురు అంటుకుని ఉంది. దాటేశాను. గడి ఒక్క క్షణం మెరిసి పోయింది. "సార్, మళ్లీ చూడండి" అంది మా సిస్టర్. స్కోప్ మళ్లీ లోపలికి తోసి నీళ్లు కొట్టి కడిగితే, జిగురు కింద పేగు రంగులో కలిసిపోయిన చదునైన పాలిప్! స్నేర్ (తీగ ఉచ్చు) వేసి అక్కడికక్కడే తీసేశాను. ఆ ఒక్క కేసుకే ఈ మెషీన్‌కి నేను రుణపడి ఉన్నాను.

ఇటలీలో 685 మంది మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. మామూలు పరీక్షలో 40.4 శాతం మందిలో అడినోమాలు (క్యాన్సర్‌గా మారే అవకాశమున్న పాలిప్‌లు) దొరికితే, ఏఐ తోడుంటే 54.8 శాతం మందిలో దొరికాయి. అదనంగా దొరికినవి ఎక్కువగా సెంటీమీటరు లోపువే. నేను చూస్తున్నదీ అదే.

ఇబ్బందులూ ఉన్నాయి. బుడగకీ గడే, మిగిలిపోయిన మలం ముక్కకీ గడే. మొదటి నెల చాలా చిరాకుపడ్డాను. అసలు సంగతి ఏమిటంటే, మడత వెనక ఏముందో దానికి తెలియదు. మడత వంచి చూపించాల్సింది మన చెయ్యే. స్కోప్ వెనక్కి లాగడానికి కనీసం 6 నిమిషాలు తీసుకోవాలన్న నియమం ఎక్కడికీ పోలేదు.

నన్ను భయపెట్టింది మాత్రం ఇంకొకటి. ఒకరోజు మెషీన్ రిపేరుకు వెళ్తే, స్కోప్ పట్టుకోగానే టెన్షన్ మొదలైంది. నా కళ్లు పాలిప్‌ని వెతకడం మానేసి గడి కోసం ఎదురుచూస్తున్నాయి! పోలండ్‌లో ఇదే లెక్కగట్టి 2025లో ప్రచురించారు: ఏఐ అలవాటయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో అడినోమాలు దొరికే శాతం 28.4 నుంచి 22.4కి పడిపోయింది. అందుకే ఇప్పుడు వారానికి ఒకరోజు మెషీన్ ఆపేసి పరీక్షలు చేస్తున్నాను. ఆ రోజు ప్రతి కేసుకీ ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటాను. కొత్తగా చేరిన పీజీలకైతే మొదటి కొన్ని నెలలు గడి చూపించను.

ఈమధ్య ఒక పెద్దాయన, "కంప్యూటరే చూస్తుందటగా డాక్టరుగారూ, పేగు శుభ్రం చేసే మందు రాత్రి తాగాను, పొద్దున కూడా తాగాలా?" అన్నారు. కూర్చోబెట్టి రెండో డోసు కూడా తాగించి, పేగు శుభ్రమయ్యాకే టేబుల్ ఎక్కించాను.