చెదల కుండ కోసం పన్నెండు గంటల బస్సు

మేముండేది ఘానాలో, తెమా రేవు పట్టణంలో. మావారి ఉద్యోగం ఇక్కడే. మా పిల్లలిద్దరికీ కోడి అంటే ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ప్యాకెట్టు. నాలుగో తరగతి చదివే పాపకి సెలవుల ముందు స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు: "పల్లెల్లో పశువుల పెంపకం". నెట్‌లో దొరికిన బొమ్మలు అతికించి ఇచ్చేస్తానంది. ప్రకాశం జిల్లాలో కోళ్ళ గంప పక్కన పెరిగినదాన్ని, నాకు మనసొప్పలేదు. డిసెంబరులో ఎలాగూ ఉత్తర ఘానా వెళ్దామనుకుంటున్నాం, చూపించే చెబుదామనుకున్నాను.

అక్రా నుంచి ఉత్తరాన ఉన్న తమాలె ఊరికి విమానంలో గంట పడుతుంది. బస్సులో సుమారు ఆరు వందల కిలోమీటర్లు, పన్నెండు గంటల పైమాటే. నలుగురి విమానం ఖర్చు లెక్కేసుకుని బస్సెక్కాం. ఏసీ ఎంత పెట్టారంటే పిల్లలు నా చీరలు కప్పుకుని కూర్చున్నారు. దారిలో ఒకచోట రోడ్డు పక్కన బలిసిన జంతువునొకదాన్ని తోకపట్టి వేలాడదీసి అమ్ముతుంటే, "అమ్మా, పందికొక్కు!" అని చిన్నోడు అరిచాడు. చూడటానికి అలాగే ఉంటుంది గానీ అది గ్రాస్‌కట్టర్. ఎలుక కంటే ముళ్ళపందికి దగ్గరి చుట్టం. ఇక్కడివాళ్ళకు ఆ మాంసమంటే ప్రాణం. అడవిలో వేటాడటమే కాకుండా, దక్షిణాన కొందరు కుందేళ్ళలా బోన్లలో పెట్టి గడ్డి మేపి పెంచుతారు. ప్రాజెక్టులో మొదటి జంతువు బస్సు కిటికీలోంచే దొరికింది.

తమాలెలో రెండు బసలు చూశాం. మొదటిది ఫొటోల్లో ఈతకొలను ఉన్న హోటలు. కొలనుంది, నీళ్ళు లేవు. రాత్రి కరెంటు పోయింది, జనరేటరు వెయ్యమంటే డీజిలు లేదన్నారు. మర్నాడే ఖాళీ చేసి ఒక చర్చివాళ్ళ గెస్ట్‌హౌస్‌కి మారాం. సగం ఖర్చు. ఫ్యాను, దోమతెర, బకెట్టు స్నానం, పొద్దున జొన్న జావా బ్రెడ్డూ. పిల్లలు ఏసీ లేదని గునిశారు గానీ, ఆ సీజన్లో రాత్రిళ్ళు చల్లగానే ఉంటుంది. సహారా వైపు నుంచి హర్మటాన్ గాలి వీస్తుంది, పెదాలు పగిలిపోతాయి, గదంతా సన్నటి దుమ్ము. వాజలైన్ మర్చిపోకండి. ఊళ్ళో తిరగడానికి మన ఆటోలే ఉన్నాయి, బజాజ్‌వి. వాటిని ఇక్కడ ఎల్లో ఎల్లో అంటారు.

గెస్ట్‌హౌస్ వంటాయన సొంతూరు సవెలుగు దాటాక ఒక చిన్న పల్లె. తీసుకెళ్ళమని అడిగితే రెండు షరతులు పెట్టాడు. ముందుగా ఊరి పెద్దకు కోలా కాయలు ఇచ్చి పలకరించాలి, మనం తాంబూలం ఇచ్చినట్టన్నమాట. రెండోది, తెల్లారకముందే బయల్దేరాలి. ఎందుకంటే చెదలు ఎండెక్కితే నేలలోకి పోతాయట! నాకూ అర్థం కాలేదు.

చేరేసరికి సూర్యుడు దుమ్ములో చందమామలా ఉన్నాడు. గుండ్రటి మట్టి ఇళ్ళు, మధ్యలో వాకిలి, వాకిట్లో వేపచెట్టు. ఇంటి పిల్లవాడొకడు మమ్మల్ని చేను గట్టుకు తీసుకెళ్ళి, బోర్లించిన కుండ ఎత్తి చూపించాడు. లోపల తడి పేడ, గడ్డి, వాటి నిండా బిలబిల్లాడుతున్న తెల్లటి చెదలు. ముందురోజు సాయంత్రం చెదలున్న చోట నేల కాస్త గీకి, కుండలో పేడా ఎండుగడ్డీ వేసి నీళ్ళు చల్లి బోర్లించారు. రాత్రంతా అవి తిండికోసం పైకెక్కాయి. ఆ కుండ వాకిట్లో గుమ్మరిస్తే కోడిపిల్లలు ఎగబడ్డాయి. దాణా కొనకుండా పిల్లలకు మాంసకృత్తులు! పుట్టలు తవ్వి చెదలు తెచ్చి కోడిపిల్లలకు వెయ్యడం మా అమ్మమ్మా చేసేది గానీ, చెదలనే ఇంటికి పిలిపించుకునే ఈ కుండ ఉపాయం ఆవిడకు తట్టలేదు.

చెట్టుకొమ్మల మీంచి చుక్కల గినీ కోళ్ళు దిగి, మమ్మల్ని చూసి తుప్పు గేటు తెరిచినట్టు అరిచాయి. కుక్క అవసరమే లేదు, పామొచ్చినా దొంగొచ్చినా ఇలాగే గోల చేస్తాయిట. ఇవి ఈ పశ్చిమాఫ్రికా నేలవే. ఇక్కడి దగోంబా వాళ్ళకు వీటి పేర ఒక పండగే ఉంది. తల్లితనం మాత్రం తక్కువ, పిల్లల్ని తడిలోనే తిప్పి చంపుకుంటాయి. అందుకని గుడ్లు తెచ్చి పెట్టకోడి కింద పొదగేస్తారు. మన దగ్గర బాతు గుడ్లు పొదగేసినట్టే, అదే 28 రోజులు. కోడి గుడ్డుకి 21. "మరి కోడికి వారం ఎక్స్‌ట్రా డ్యూటీయా?" అంది పాప. గుడ్డు కావాలని చిన్నోడి పేచీ. వానలు పడితేగానీ పెట్టవని వంటాయన నవ్వాడు.

మేకలు పొట్టివి, మా చిన్నోడి మోకాళ్ళ దాకా వస్తాయేమో. కోతలయ్యాయి గనక వాటి ఇష్టం వచ్చినచోట తిరుగుతున్నాయి. వానాకాలం పైరున్నప్పుడు మాత్రం గుంజకు కట్టేస్తారు. ఇంటి కప్పు మీద వేరుశనగ కట్టె ఎత్తిపెట్టారు, బక్రీదుకు అమ్మే పొట్టేలు కోసం. ఇన్ని రకాలెందుకని పాప అడిగితే వంటాయన చెప్పింది నాకు బాగా నచ్చింది: ఉప్పు, సబ్బు అయిపోతే కోడి. స్కూలు ఫీజుకి మేక. ఆవు జోలికి మాత్రం ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొస్తే తప్ప పోరు. చిల్లర కోసం పెద్దనోటు మార్చం కదా, అలా.

ఈ కోళ్ళ చిల్లరని ఒక్క వారంలో ఊడ్చేసేది కొక్కెర తెగులు. హర్మటాన్ నెలల్లోనే ఎక్కువ. ఇంగ్లీషులో న్యూకాజిల్ అన్నాక కూడా మా పిల్లలకు ఎక్కలేదు గానీ, మెడ వంకరపెట్టి అమ్మమ్మ ఇంటి కోళ్ళు ఎలా పడిపోయాయో నటించి చూపిస్తే ఠక్కున అర్థమైంది. కంట్లో ఒక్క చుక్క వేసే టీకా ఇక్కడా ఉంది. ఎండకు చెడకుండా కాసేపు తట్టుకునే రకం.

తిరుగు దారిలో ఫులానీ అనే పశువుల కాపరుల తెగ ఆవిడ దగ్గర వగాషి కొన్నాం, పాలు విరగ్గొట్టి చేసే ముక్కలన్నమాట. ఆవులు ఊరివాళ్ళవి, కాసేది ఫులానీలు, కూలిలో భాగంగా పాలు వాళ్ళకు. ఆ పాలను ఆవిడ దేనితో విరగ్గొడుతుందనుకున్నారు? జిల్లేడు ఆకు రసంతో! రథసప్తమికి మనం నెత్తిన పెట్టుకునే జిల్లేడుకి తోబుట్టువు. జిల్లేడు పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయని వింటూ పెరిగాను, గుండె ఝల్లుమంది. కాచి, వడగట్టి, నూనెలో వేయించాక అచ్చం గట్టి పన్నీరే. నేను రెండు ముక్కలు తిన్నాను, పిల్లలు ప్లేటు ఖాళీ చేశారు.

తర్వాత మోలే. 1971 నుంచి జాతీయ పార్కు. గుట్ట మీద నుంచి కిందున్న నీటిగుంటకు ఏనుగులు రావడం కనపడుతుంది. తుపాకి పట్టుకున్న గార్డుతో నడిచి వెళ్ళడం పెద్దవాళ్ళకు అద్భుతం, ఆరేళ్ళవాడికి మాత్రం కాళ్ళనొప్పి. తినేవి బయట పెట్టకండి, బబూన్లు లాక్కుపోతాయి. కారు అద్దె గది అద్దెను మించింది. అయినా వెళ్ళొచ్చు.

పాగా గురించి మాత్రం పిల్లలున్నవాళ్ళు ఒకసారి ఆలోచించుకోండి. బుర్కినా ఫాసో సరిహద్దు ఊరు, మనుషుల్ని ఏమీ చెయ్యవని పేరున్న మొసళ్ళ చెరువు. మొసలిని ఒడ్డుకు రప్పించడానికి బతికున్న కోడిని చూపిస్తారు, ఆ కోడి డబ్బులు మనవే. మూడు రోజుల కిందట చెదలు తినిపించిన చేతులు కదా, చిన్నోడు ఆ కోడిని పట్టుకుని వదల్లేదు. కోడి ఖరీదు ఇచ్చేసి, మొసలిని చూడకుండానే కారెక్కాం. ఆ కోడిని ఏం చెయ్యాలో తెలీక బోల్గతంగాలో డ్రైవర్‌కి ఇచ్చేశాను. డ్రైవర్ దాన్ని రాత్రికి వండుకున్నాడేమోనని చిన్నోడు ఇప్పటికీ అడుగుతుంటాడు. వాళ్ళింట్లో గుడ్లు పెడుతోందని చెబుతున్నాను.