వెర్షన్ నంబర్ చేత్తో రాయడం మానేసి ఆరేళ్లు: మేక్, గిట్ డిస్క్రైబ్‌తో నా అనుభవం

హనుమకొండలో మాది ముగ్గురు పనిచేసే చిన్న ఆఫీసు. ఏనుమాముల మార్కెట్లోని అడ్తి (కమిషన్ వ్యాపారం) షాపులకు తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు, కొట్టే ప్రోగ్రామ్ రాస్తాం. కోడ్ సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది. ఆరేళ్ల కిందటి దాకా వెర్షన్ నంబర్ చేత్తోనే మార్చేవాళ్లం.

మిర్చి సీజన్లో ఒక రాత్రి ఒక గుమాస్తా ఫోన్ చేసి, ప్రోగ్రామ్ హమాలీ కూలి రెండుసార్లు కోస్తోందన్నాడు. ఆ తప్పు మేం వారం ముందే సరిచేశాం. "వెర్షన్ ఎంత చూపిస్తోంది తమ్మీ?" అంటే "రెండు పాయింట్ ఒకటి అన్నా" అన్నాడు. మా దగ్గరున్నదీ 2.1. సరిచేసింది పనిచేయడం లేదేమోనని అర్ధరాత్రి దాటేదాకా కోడ్ అంతా వెతికాం. పొద్దున షాపుకెళ్లి చూస్తే అక్కడున్నది పాత ప్రోగ్రామ్. మేం కోడ్ మార్చాం, నంబర్ మార్చలేదు. రైతు చేతికెళ్లే కాగితంలో తప్పు పడిందన్న బాధ ఇప్పటికీ పోలేదు.

మొదట, బిల్డ్ చేసినప్పుడల్లా, అంటే కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసినప్పుడల్లా, ఒకటి పెరిగే కౌంటర్ పెట్టాం. ఇద్దరి కంప్యూటర్లలో రెండు వేర్వేరు ప్రోగ్రామ్‌లకు 118 వచ్చింది. వారంలోనే తీసేశాం. మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌లో వెర్షన్‌గా 1.0 రాసి, తర్వాత చుక్క, నక్షత్రం పెడితే మూడో అంకెగా 2000 జనవరి 1 నుంచి గడిచిన రోజుల లెక్క వస్తుంది. దాంతో ఏ రోజు బిల్డ్ అయిందో తెలుస్తుంది కానీ, ఏ కోడ్‌తో అయిందో తెలియదు. మాకు కావలసింది రెండోది.

అది గిట్ డిస్క్రైబ్ ఇస్తుంది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే పనిముట్టులో అదొక కమాండ్. వీ2.4-7-జీ3ఎ9బి0సి1 అని వస్తే, 2.4 ట్యాగ్ (ఆ వెర్షన్‌కు గిట్‌లో పెట్టిన గుర్తు) తర్వాత ఏడు కమిట్లు (నమోదు చేసిన కోడ్ మార్పులు) పడ్డాయని అర్థం. జీ అంటే గిట్, ఆ తర్వాతది కమిట్ హ్యాష్ (ప్రతి కమిట్‌కూ గిట్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) ముందు భాగం. డర్టీ అనే ఆప్షన్ పెడితే, కమిట్ చేయని మార్పులున్నప్పుడు ఆ మాట కూడా చివర చేరుతుంది. అది కనబడిన ఫైల్ మా ఆఫీసు దాటదు.

అసలు ఇబ్బంది కంపైల్ దగ్గర, అంటే కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే దగ్గర, వచ్చింది. బిల్డ్ నడిపించే మేక్ అనే పనిముట్టు పనిచేసేది ఫైళ్ల టైమ్ చూసి: మూల ఫైల్ కొత్తదైతే మళ్లీ కంపైల్ చేస్తుంది. మేం ప్రతి బిల్డ్‌కీ వెర్షన్ హెడర్‌ను (వెర్షన్ నంబర్ ఉండే ఫైల్‌ను) కొత్తగా రాయించాం. దాన్ని దాదాపు అన్ని ఫైళ్లూ కలుపుకునేవి. చిన్న మార్పుకు కూడా ప్రాజెక్టు మొత్తం మొదటి నుంచి కంపైల్ అయ్యేది. రెండు పనులు చేశాక తీరింది. వెర్షన్‌ను ఒకే ఒక్క ఫైల్లో ఉంచి, మిగతావన్నీ ఒక ఫంక్షన్‌ను పిలిచి అడిగేలా మార్చాం. ఆ ఫైల్ కూడా ముందు టెంపరరీగా రాసి, పాతదానితో పోల్చి, తేడా ఉంటేనే దాని స్థానంలో పెట్టేలా చేశాం. ఇప్పుడు మారిన ఫైళ్లే కంపైల్ అవుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండూ మొదటి రోజే చేసుకోండి.

ట్యాగ్‌ల దగ్గరా జాగ్రత్త కావాలి. గిట్ డిస్క్రైబ్ మామూలుగా చూసేది పెట్టినవారి పేరు, తేదీ, సందేశం ఉండే అనొటేటెడ్ ట్యాగ్‌లనే. పేరు మాత్రమే పెట్టిన తేలిక ట్యాగ్‌ను పట్టించుకోదు. పైగా మామూలు గిట్ పుష్‌తో ట్యాగ్‌లు సర్వర్‌కు వెళ్లవు, విడిగా పంపాలి. మా కుర్రాడు అది మరిచిపోయిన రోజు బిల్డ్ మెషిన్ పాత నంబరే వేసింది. హిస్టరీ పూర్తిగా దించుకోని షాలో క్లోన్‌లోనైతే ట్యాగే దొరకకపోవచ్చు.

మేక్ మీద నాకున్న ఒకే ఫిర్యాదు ట్యాబ్. కమాండ్ ముందు ట్యాబ్ బదులు స్పేస్‌లు పడితే "మిస్సింగ్ సెపరేటర్" అంటుంది తప్ప, చాలాసార్లు ట్యాబ్ పెట్టమని సూటిగా చెప్పదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన పనిముట్టు ఇది. అయినా మా అంత ప్రాజెక్టుకు ఇంతకంటే పెద్దది అవసరమని నాకు అనిపించలేదు. మీ కోడ్ గిట్‌లో లేకపోతే మాత్రం ముందు ఆ పని చూసుకోండి.

హ్యాష్ అక్షరాలు ఫోన్లో చదివి చెప్పడం గుమాస్తాలకు కష్టమైంది. అందుకే ప్రతి తక్‌పట్టీ అడుగున వెర్షన్‌ను సన్న అక్షరాల్లో ప్రింట్ చేస్తున్నాం. ఈ సీజన్లో ఒక షాపు నుంచి పాత పట్టీ ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. ఆ నంబర్‌తో గిట్‌లో అదే కమిట్‌కు వెళ్లి, రైతు షాపులో ఉండగానే లెక్క సరిచూసి చెప్పాం.